గేరు బాక్సుకు పదోన్నతి

ముందే చెప్పుకుంటున్నాను. నాకు అక్షరాలు అరవై దాటాక వచ్చాయి. ఒత్తు ఉండాల్సిన చోట లేకపోయినా, అక్కర్లేని చోట కనబడినా సర్దుకుని చదువుకోండి. నా రాత కూడా నిదానం. ఒక పేజీ పూర్తయ్యేసరికి పొయ్యి మీద కందిపప్పు ఉడికి, చల్లారి, మళ్లీ వేడి చెయ్యాల్సి వస్తుంది. ఈ కథ ఎక్కడైనా ఆగి ఆగి నడిస్తే అది నా చేతి తప్పు. జరిగిన సంగతి మాత్రం ఎక్కడా ఆగకుండా జరిగింది. ఇందులోని ఆఫీసు కాగితాలన్నీ దాలయ్య తెచ్చి చూపించినవి. వాటిలోని మాటలు ఉన్నవి ఉన్నట్టు దించాను. వాటిలో ఒక్క ఒత్తు కూడా తప్పు పోలేదు.

జయంతిపురంలో జమీందారు గారి గుర్రపుసాలను ప్రభుత్వం వారు ప్రాచీన వాహన ప్రదర్శనశాలగా మార్చారు. అందులో పదకొండు వాహనాలున్నాయి. పదింటికి కదలిక లేదు. ఒకదాంట్లో ఏటేటా పిల్లి ఈనుతుంది. పదకొండోది ఆకుపచ్చ స్పోర్ట్స్ కారు. ఇద్దరే పడతారు. కూర్చుని చెయ్యి చాస్తే నేల తగులుతుంది. జమీందారు గారి రెండో కొడుకు దాన్ని ఓడ మీద తెప్పించుకున్నాడట. ఆఫీసు కాగితాల్లో దాని పేరు ‘వస్తువు సంఖ్య 11’. దాలయ్య దాన్ని పచ్చపిల్ల అనేవాడు.

దాలయ్య అక్కడి ఫోర్‌మన్. పని నేర్చింది సాలూరు లారీ షెడ్లలో. చెవి ఆనించి ఇంజను రోగం చెప్పగలడు. ప్రదర్శనశాలలో చేరిన నాటికి పచ్చపిల్ల ఇటుకల మీద కూర్చుని ఉంది. దాన్ని నడిపించడానికి అతనికి పదకొండేళ్లు పట్టింది. అందులో నాలుగేళ్లు మూడు రింగుల కోసం పోయాయి.

ఆ రింగుల సంగతి చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. గేరు బాక్సు లోపల పళ్లచక్రాలు ఒక్కోటీ ఒక్కో వేగంతో తిరుగుతుంటాయి. వాటిని ఉన్నపళంగా కలిపితే పళ్లు గీసుకుని అరుస్తాయి. అందుకని మధ్యన ఒక ఇత్తడి రింగు ఉంటుంది. కోపిష్టి తోడికోడళ్ల మధ్య కూర్చున్న పెద్దమ్మలాంటిది. ముందుగా అదే వెళ్లి చక్రాన్ని తాకి, పట్టుకుని, నిమ్మళపరచి, రెండింటి వేగం ఒకటయ్యాక కలవనిస్తుంది. పచ్చపిల్లకి మొదటి గేరుకీ రివర్సుకీ రింగుల్లేవు. రెండు, మూడు, నాలుగు గేర్లకి మూడు రింగులు. పాతవి అరిగిపోయాయి. కారు చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. దాలయ్య అరిగిన రింగు జేబులో వేసుకుని బుడితి వెళ్లాడు. అక్కడ ఇత్తడి పనివాడు సూరన్న ఉండేవాడు.

సూరన్న ఆ రింగుని అటూ ఇటూ తిప్పి చూసి, “ఇదేటి దాలయ్యా, గిన్నె సేసి అడుగు మర్సిపోనాడా ఎవుడైనా,” అన్నాడు.

ఆ తర్వాత నవ్వలేదు. మట్టి మూస కట్టి పోత పోశాడు. గోరుతో మీటి చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. శబ్దం నచ్చకపోతే మళ్లీ కరిగించాడు. పద్నాలుగు రింగులు అలా కరిగిపోయాయి. చివరికి మూడు నిలిచాయి. వాటిని బిగించిన రోజు పచ్చపిల్ల గేరు వెన్నలో వేలు పెట్టినట్టు పడింది. మరుసటి వానాకాలం సూరన్న చనిపోయాడు. ఆయన చేతి ఆఖరి పని అదే.

ఇక నూనె. గేరు నూనె డబ్బాల మీద జి.ఎల్. అని, పక్కన ఒక అంకె ఉంటుంది. నాలుగు ఉన్నది ఇలాంటి పాత గేరు బాక్సుకి. ఐదు ఉన్నది వెనక ఇరుసు మధ్యన గుమ్మడికాయలా ఉండే డిఫరెన్షియల్‌కి. అక్కడి చక్రాలు ఒకదాని మీద ఒకటి ఈడ్చుకుంటూ తిరుగుతాయి గనక ఐదో నూనెలో గంధకం మందు ఎక్కువ కలుపుతారు. ఇనుముకి అది మేలు. వేడెక్కిందంటే మాత్రం ఇత్తడిని తింటుంది. పైగా మరీ జారుడు, రింగుకి పట్టు దొరకదు. నాలుగు, ఐదు అంటే ఎక్కువ తక్కువలు కావు. ఒకటి కంటి మందు, ఒకటి కాలి మందు.

రెండేళ్లకోసారి దాలయ్య కాగితం పెట్టేవాడు. గేరు బాక్సుకి నాలుగోది రెండు లీటర్లు, డిఫరెన్షియల్‌కి ఐదోది ఒక లీటరు. వచ్చేవి, పోసేవాడు. అతని పదవీ విరమణ ఇంకా ఐదు నెలలుందనగా పెట్టిన కాగితం ఎర్ర సిరాతో తిరిగి వచ్చింది.

కొత్తగా వచ్చిన సూపరింటెండెంటు భీమశంకరం గారు ముప్పై ఏళ్లు సిబ్బంది వ్యవహారాల సెక్షన్‌లో పనిచేసిన మనిషి. ఎవరు ఎవరికంటే ఎన్ని గంటల ముందు ఉద్యోగంలో చేరారో ఆయనకు తెలుసు. చనిపోయిన ఉద్యోగుల సీనియారిటీ కూడా సరిదిద్దిన ఘనత ఉంది. ఆయన దాలయ్యను పిలిపించారు గానీ కూర్చోమనలేదు.

“ఇంజను శక్తి మొట్టమొదట ఎవరికి చేరుతుంది?”

“గేరు బాక్సుకండి.”

“అక్కడి నుంచి?”

“షాఫ్టు మీంచి ఎనక్కెల్లి డిఫరెన్షియల్‌కండి.”

“అనగా ఎవరి కింద ఎవరు పనిచేస్తున్నట్టు?”

దాలయ్యకు ప్రశ్న అర్థం కాలేదు. “ఆటిలో కిందా మీదా నేదండి బాబూ. పళ్లుంటాయి.”

“ప్రతి వ్యవస్థలోనూ ఉంటుంది. గేరు బాక్సు వాహనంలో ముందుంది. శక్తిని ముందు స్వీకరిస్తుంది. కాబట్టి సీనియరు. దానికి నాలుగో గ్రేడు రాశావు. ఎక్కడో వెనకాల ఉండే జూనియరుకి ఐదో గ్రేడు రాశావు. నా సర్వీసులో ఇంత అసంగతం చూడలేదు. రేపు ఆ గేరు బాక్సు కోర్టుకు వెళ్తే మనం ఏం జవాబు చెప్తాం?”

“అదెలగెల్తాదండి. బోల్టులేసి బిగించి ఉన్నాది.”

“వెటకారం వద్దు.”

“నేదు బాబూ. ఐదోది పోస్తే లోపల ఇత్తడి రింగులు తినేస్తాది. ఆ రింగులు మళ్లీ దొరకవండి. పోసినోడు పోనాడు.”

“పదోన్నతి వస్తే ఆరోగ్యం చెడుతుందని ఏ ఉద్యోగీ ఇంతవరకు నాతో అనలేదు,” అన్నారు భీమశంకరం గారు. ఫైలు తెరిచారు.

మాటలతో లాభం లేదని దాలయ్య చేసి చూపిద్దామనుకున్నాడు. సూపరింటెండెంటు గారి బల్ల మీద బంట్రోతుని పిలిచే ఇత్తడి గంట ఉండేది. తుడిచి తెస్తానని చెప్పి దాన్ని షెడ్డుకి పట్టుకుపోయాడు. డబ్బాలో ఐదో నూనె పోసి, గంటని అందులో వేసి, మూడు రోజులు పొయ్యి మీద సన్నని సెగన పెట్టాడు. నాలుగో రోజు తెచ్చి బల్ల మీద పెట్టాడు. గంట మాడిన అట్లకాడలా ఉంది.

“సూడండి బాబూ. రింగులకీ ఇదే గతి.”

భీమశంకరం గారు గంట నొక్కారు. మోగలేదు. మళ్లీ నొక్కారు. బంట్రోతు రాలేదు. ఆయనే లేచి వెళ్లి బంట్రోతుని వెతికి తెచ్చుకుని, మెమో టైపు చేయించారు. ‘ప్రభుత్వ ఆస్తియగు పిలుపుగంటను అనుమతి లేక నూనెలో వేయించినందులకు మూడు దినములలో సంజాయిషీ సమర్పించవలెను.’

మెమో చేతికిస్తూ ఆయన ప్రయోగ ఫలితాన్ని కూడా వివరించారు. “గంట నాలుగో తరగతి వస్తువు. ఐదో గ్రేడుని తట్టుకునే స్థాయి దానికి లేదు. గేరు బాక్సుని దానితో పోల్చడం గేరు బాక్సుని అవమానించడం.”

విషయం ప్రదర్శనశాల నిర్వాహక సంఘం ముందుకు వెళ్లింది. సంఘానికి అధ్యక్షుడు డైరెక్టరు పరాంకుశం గారు. అంతకు ముందు పట్టుపురుగుల శాఖలో పనిచేశారు. వాహనాల గురించి ఆయనకు ఉన్న అనుభవం వెనక సీట్లో కూర్చోవడం. సభ్యుడిగా వంతెనల ఇంజనీరు ఒకాయన వచ్చాడు గానీ బిస్కెట్లు అయ్యాక వెళ్లిపోయాడు. దాలయ్య గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

“రెండు మార్గాలు గోచరిస్తున్నవి,” అన్నారు భీమశంకరం గారు. “ఒకటి, డిఫరెన్షియల్‌ను నాలుగో గ్రేడుకు దించుట. దించాలంటే అభియోగ పత్రం ఇవ్వాలి, విచారణ జరపాలి. దానిపై ఇంతవరకు ఒక్క ఫిర్యాదూ లేదు. కాబట్టి రెండో మార్గమే శరణ్యం. గేరు బాక్సుకు ఐదో గ్రేడు పదోన్నతి.”

“మానవీయ కోణంలో కూడా అదే సబబు,” అన్నారు డైరెక్టరు గారు. “దశాబ్దాలుగా చీకట్లో, నూనెలో మునిగి నిశ్శబ్దంగా సేవ చేసిన ఒక విభాగాన్ని మనం గుర్తిస్తున్నాం. ఇది దార్శనికత. మరి ఇంజను సంగతి? అది ఇద్దరికీ పైన కదా. దానికి ఆరో గ్రేడు ఇవ్వాలేమో.”

దాలయ్య గుమ్మం నుంచి, “ఇంజను నూనె డబ్బా మీద ఇలగ అంకెలుండవండి. ఇంగిలీసు అచ్చరాలుంటాయి,” అన్నాడు.

భీమశంకరం గారి ముఖం విప్పారింది. ‘అంకెలకు బదులు అక్షరములు గల ఇంజను రాష్ట్ర సర్వీసు పరిధిలోకి రాదు. దానిని అఖిల భారత సర్వీసుగా పరిగణించడమైనది’ అని రాసుకున్నారు. ఆ వేడిలోనే వాహనాంగముల సీనియారిటీ జాబితా మొత్తం తయారైంది. స్టీరింగు మొదటి పేజీలో ఉంది. హారను, అది అందరికంటే ఎక్కువ మాట్లాడుతుంది గనక, ప్రజా సంబంధాల విభాగానికి పోయింది. రేడియేటరు నీళ్లు రోజుకూలీ కింద చేరాయి. స్టెప్నీ టైరుని వేచియున్నవారి జాబితాలో వేశారు. జాబితాను నోటీసు బోర్డుకు అంటించి కింద ఇలా రాశారు: ‘ప్రభావితులు తమ అభ్యంతరములను పదిహేను దినములలో లిఖితపూర్వకముగా తెలుపుకొనవచ్చును.’

దాలయ్య ఆ చివరి వాక్యం ముందు చాలాసేపు నిలబడ్డాడు. తిన్నగా కోర్టు ఎదుట టైపు కొట్టే ఆయన దగ్గరికి వెళ్లాడు. ఆయన కాగితం ఎక్కించి పేరడిగాడు.

“గేరు బాక్సండి.”

ఆయన తలెత్తి చూశాడు గానీ, కోర్టు ఎదుట అంతకంటే విడ్డూరాలు చూసినవాడు. “తండ్రి పేరు?”

“ఇంజను అని కొట్టీయండి.”

ఆ అర్జీ నా దగ్గర ఇప్పటికీ ఉంది. ‘అయ్యా, నేను వస్తువు సంఖ్య 11లో గేరు బాక్సును. నాలుగో గ్రేడులో నాకు ఏ లోటూ లేదు. నాకు పదోన్నతి వద్దు, స్వచ్ఛందముగా వదులుకుంటున్నాను. నా లోపల మూడు ఇత్తడి రింగులున్నవి. పదోన్నతి వచ్చినచో అవి చచ్చిపోవును. దయతో నన్ను ఉన్న చోటనే ఉంచగలరు.’

భీమశంకరం గారు చదివి నవ్వలేదు. దాలయ్యను మొదటిసారి గౌరవంగా చూశారు. “ఇదీ పద్ధతి. గంటలు వేయించడం కాదు. వదులుకోవడానికి నిబంధన ఉంది. అర్జీదారు వేలిముద్ర ఏదీ?”

దాలయ్య వెళ్లి కారు కింద దూరి, గేరు బాక్సు అడుగున నూనె దించే మర బిరడాకి కాగితం అద్ది తెచ్చాడు. గుండ్రంగా, నల్లగా, మధ్యలో ఆరు పలకల గుర్తుతో పడింది. భీమశంకరం గారు భూతద్దంతో చూసి తృప్తి పడ్డారు.

“దీన్ని గెజిటెడ్ అధికారి ధ్రువీకరించాలి. డైరెక్టరు గారి సంతకం తెచ్చుకో.”

డైరెక్టరు గారు ఆ పొద్దున్నే రాజధానికి వెళ్లారు. ‘సత్వర నిర్ణయాలు’ అనే విషయం మీద పది రోజుల శిక్షణ. శిక్షణ బాగుందని మరో రెండు రోజులు ఉన్నారు. ఆయన వచ్చి సంతకం చేసిన రోజు పదహారో రోజు. ‘గడువు దాటినందున అర్జీ తిరస్కరించడమైనది. అర్జీదారునకు పదోన్నతి శుభాకాంక్షలు.’

నూనె మార్చే రోజు సాక్షులుగా పంచాయతీదారులు ఐదుగురు సంతకాలు చేశారు. నాలుగో నూనె కిందకి దిగింది. తేనె రంగులో ఉంది. ముద్ర వేసిన డబ్బా తెరిచి ఐదోది పోయించారు. పోసినవాడు దాలయ్యే, ఇంకెవరికీ మర ఎక్కడుందో తెలియదు. తర్వాత రహస్యంగా మార్చేస్తాడేమోనని పై మరకీ కింద మరకీ గుడ్డ చుట్టి లక్క కరిగించి ఆఫీసు ముద్ర వేశారు. ముద్ర చెరిపినవారు శిక్షార్హులని బోర్డు పెట్టారు. ఆ రోజే దాలయ్య కత్తి పట్టుకుని కారు కిందకి వెళ్లాడు. మొన లక్క మీద పెట్టాడు. పదవీ విరమణకు ఇంకా మూడు నెలల పైచిలుకు ఉంది. కేసు పెడితే ముప్పై నాలుగేళ్ల సర్వీసు ఏమవుతుందో ఆలోచించాడు. కత్తి జేబులో పెట్టుకుని బయటికి వచ్చాడు. తర్వాత బుడితిలో ఈ మాట చెప్పినప్పుడు అతను తలెత్తలేదు.

అయినా ఒక ఆశ మిగిలింది. బండి తిప్పకపోతే నూనె వేడెక్కదు. వేడెక్కకపోతే ఇత్తడిని తినదు. షెడ్డులో తాళం వేసి ఉంచితే, తన తర్వాత వచ్చేవాడికి ఎప్పుడో బుద్ధి పుట్టి నూనె మార్చవచ్చు.

ఆ ఆశ ఎనిమిది రోజులుంది. తొమ్మిదో రోజు ఉత్తర్వు వచ్చింది. ‘పదోన్నతి పొందినవారు తొంభై దినములు అవిచ్ఛిన్నముగా విధులు నిర్వర్తించి పరిశీలనా కాలమును పూర్తి చేయవలెను. కావున వస్తువు సంఖ్య 11ను ప్రతి దినము నలభై కిలోమీటర్లు నడుపవలెను.’ పరిశీలకుడు భీమశంకరం గారే.

రోజూ ఉదయం పచ్చపిల్ల కొండ ఘాటీ రోడ్డు దిగువ దాకా వెళ్లి వచ్చేది. దాలయ్య నడిపేవాడు. పక్కన భీమశంకరం గారు ఒడిలో నోటు పుస్తకంతో కూర్చునేవారు. ఇరవయ్యో రోజుకి రెండో గేరు గీరడం మొదలుపెట్టింది. రింగు పట్టడం లేదని దాలయ్య కాలికి తెలిసింది. అప్పుడతను చిన్నప్పుడు సాలూరు లారీల మీద నేర్చిన విద్య బయటికి తీశాడు. ఆ కాలం లారీల గేరు బాక్సుల్లో రింగులే ఉండేవి కావు. క్లచ్ తొక్కి గేరు విడిపించి, వదిలి, ఇంజను వేగం చెవితో చూసుకుని, మళ్లీ తొక్కి వెయ్యాలి. రింగుల పని తన కాలితో తాను చేశాడు. ఉన్న ఇత్తడి ఇంకొన్నాళ్లు మిగులుతుందని అతని తాపత్రయం. అందువల్ల భీమశంకరం గారికి ఒక్క చప్పుడూ వినబడలేదు.

నోటు పుస్తకంలో ఇలా ఎక్కింది: ‘నడవడి సంతృప్తికరము. నిజాయితీ సందేహింపనవసరము లేదు. చొరవ ఇంకను పెంపొందించుకొనవలెను.’

“బాబూ, అది పని సెయ్యట్లేదండి. నా కాలు సేస్తన్నాది.”

“కాలు ఎవరిదైతే ఏం దాలయ్యా. మంచి పేరు పై ఉద్యోగికి చెందుతుంది. ప్రతి ఆఫీసులోనూ అంతే.”

“ఈ కాలు ఇంకో నెల్లో ఇంటికెల్లిపోతాదండి.”

“ఇంకో కాలు వస్తుంది.”

తొంభయ్యో రోజు ప్రాచీన వాహన దినోత్సవం పడింది. దానికి మూడు రోజుల తర్వాత దాలయ్య పదవీ విరమణ. ఉత్సవానికి మంత్రిగారు వస్తున్నారు. ప్రదర్శనశాల గేటు నుంచి కోట మైదానం దాకా అర కిలోమీటరు పచ్చపిల్లలో ఊరేగి వెళ్లి, పూర్వకాలపు వైభవం గురించి మాట్లాడతారు. దాలయ్య ఇస్త్రీ ఖాకీ వేసుకుని డ్రైవరు తలుపు దగ్గర నిలబడ్డాడు. భీమశంకరం గారు వచ్చి భుజం మీద చెయ్యి వేసి పక్కకి తీశారు.

“మంత్రిగారి పక్కన, అదే ఎత్తులో, జాయింటు డైరెక్టరు స్థాయికి తగ్గినవారు కూర్చోకూడదు. డైరెక్టరు గారు నడుపుతారు.”

పరాంకుశం గారు అప్పటికే చేతులకి తెల్ల తొడుగులు వేసుకుంటున్నారు. ఆయన సొంత కారులో చేత్తో వేసే గేర్లు లేవు, దానంతట అదే మార్చుకుంటుంది. దాలయ్య కిటికీ దగ్గర వంగాడు.

“బాబూ, ఒక్క మాట. ఫస్టులోనే పోనీయండి. అరకిలోమీటరే కదా. ఫస్టుకి రింగు నేదు, ఏటవదు. రెండు మాత్రం ఎయ్యకండి.”

“మంత్రిగారు కూర్చున్న బండి మొదటి మెట్టు మీదే ఉండిపోతే ప్రగతి ఎలా కనిపిస్తుందయ్యా,” అన్నారు డైరెక్టరు గారు.

బ్యాండు మోగింది. పచ్చపిల్ల గేటు దాటింది. బడిపిల్లలు పూలు జల్లారు. మంత్రిగారు ముందుకి చెయ్యి ఊపారు. డైరెక్టరు గారు క్లచ్ సగం తొక్కి, రెండో గేరు లాగారు. ఆ చప్పుడుకి బ్యాండువాళ్లు వాయించడం ఆపి, తమలో ఎవరు అపశ్రుతి పలికారా అని ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు. దాలయ్య కళ్లు మూసుకున్నాడు. లోపల రింగు విరిగిందని, ముక్కలు చక్రాల మధ్య పడ్డాయని అతనికి అక్కడి నుంచే తెలిసింది. డైరెక్టరు గారు భయపడి మూడుకి తోశారు, నాలుక్కి లాగారు. మిగిలిన రెండూ పోయాయి. ముక్కలు అడ్డం పడి ఫస్టు కూడా పడలేదు, ముందుకి వెళ్లే దారులన్నీ మూసుకుపోయాయి. ఆయన చెమటలు కక్కుతూ రాడ్డుని ఎటు పడితే అటు తిప్పగా ఒక్క చోట పడింది. అది రివర్సు.

బండి వెనక్కి బయల్దేరింది. మంత్రిగారు అనుభవజ్ఞులు. ముఖం మార్చకుండా తల మాత్రం తిప్పి, ఇందాక దాటి వచ్చిన జనానికే మళ్లీ చెయ్యి ఊపారు. వెనక వస్తున్న పన్నెండు ఆఫీసు జీపులకి చిక్కు వచ్చింది. మంత్రిగారి బండిని దాటి ముందుండటానికి వీల్లేదు. ఆయన తమ వైపు వస్తున్నారు. పన్నెండూ వరసగా రివర్సు వేశాయి. భీమశంకరం గారు మైకు అందుకున్నారు. “ప్రాచీన వాహనములు గతములోనికి ప్రయాణించుట మీరు చూస్తున్నారు. ఈ వినూత్న రూపకల్పన మా డైరెక్టరు గారిది.” జనం చప్పట్లు కొట్టారు. ఊరేగింపు చేపల బజారు మీదుగా ఊరంతా వెనక్కి చుట్టి, కోట మైదానానికి వేదిక వెనక వైపు నుంచి చేరింది. వేదిక ఇటు తిరగదు గనక జనాన్ని లేపి కుర్చీలు అటు తిప్పించారు.

మర్నాడు ఉత్తర్వు వెలువడింది. ఇకమీదట ప్రాచీన వాహనాలన్నీ ఉత్సవాల్లో వెనక్కే నడవాలి. కీలక సమయంలో విధి నిర్వహణలో నిలిచిన రివర్సు గేరుకి ప్రశంసాపత్రం. గేరు బాక్సు పరిశీలనా కాలాన్ని విజయవంతంగా పూర్తి చేసినందున పదోన్నతి ఖాయం. అనారోగ్య కారణాలపై అదే నెలాఖరున గౌరవప్రదంగా పదవీ విరమణ.

నెలాఖరున ఇద్దరు రిటైరవుతున్నారు. బ్యానరు మీద ఒక పేరుకే చోటుంది. గేరు బాక్సును బండి నుంచి దించి వేదిక మీద బల్లపై పెట్టి, దండ వేశారు. “నిరాడంబరులు. ఏనాడూ పై అధికారులకు ఎదురు చెప్పలేదు,” అన్నారు డైరెక్టరు గారు, శాలువా కప్పుతూ. అడుగు గుండ్రంగా ఉండటంతో అది దొర్లిపోతుందని దాలయ్యను వెనకాల కూర్చుని పట్టుకోమన్నారు. ఫొటోలో శాలువా పడింది, దండ పడింది, దాలయ్య చేతులు రెండు పడ్డాయి.

సభ అయ్యాక పంచాయతీదారుల ఎదుట లక్క పగలగొట్టి నూనె దింపించారు. ఆ నూనె ఎవరికీ అక్కర్లేదు. దాలయ్య ఒక సీసా నిండా పట్టుకుని బుడితి బస్సు ఎక్కాడు.

సూరన్న భార్య అరుగు మీద కూర్చుని పాత పేపరులోని మాటలు కూడబలుక్కుంటోంది. దాలయ్య సీసా ఆమె చేతికిచ్చాడు.

“ఇదేటి?”

“సూరన్న సేతి పని వొదినా. ఇంతే మిగిలింది.”

ఆమె సీసాని ఎండకి పెట్టి చూసింది. నల్లటి నూనెలో సన్నటి పొడి తళతళమంటూ తేలుతోంది. ఒకసారి కుదిపి, అది మెల్లగా అడుక్కి దిగేదాకా చూసింది.

“ఎంత మెత్తగా అరగదీసినారు దాలయ్యా. ఆయన ఆకురాయి కూడా ఇంత మెత్తగా గీసేది కాదు. దీనికి ఎంతమంది కూకున్నారు?”

“సాలామందే వొదినా. బిస్కెట్లు కూడా తెప్పించినారు.” అతను జేబు తడిమాడు. “నా జేబులో కత్తి ఉన్నాది. ఆ లక్క కొయ్యనేకపోనాను.”

ఆమె లేచింది. మంచినీళ్లు తెచ్చిచ్చింది. నీళ్లు తాగి దాలయ్య ఇంకో కాగితం తీశాడు. భీమశంకరం గారు ఇచ్చి పంపినది. చదివి వినిపించబోతే ఆమె చెయ్యి చాచి తీసుకుంది. మాట కింద వేలు పెట్టుకుంటూ ఆమే చదివింది. ‘దివంగత సూరన్న గారి వారసులకు. విరమించిన గేరు బాక్సు స్థానమున నియమింపబడు కొత్త గేరు బాక్సు నిమిత్తము మూడు ఇత్తడి రింగులు అత్యవసరముగా కావలెను. సదరు రింగులు ఐదో గ్రేడు నూనెను తట్టుకొనగల అర్హత కలిగి ఉండవలెను. అట్టి అర్హత లేని రింగులు పరిశీలింపబడవు.’

‘అర్హత’ దగ్గర ఆమె వేలు కాసేపు ఆగింది.

“మూస ఉన్నాదా వొదినా?” అని దాలయ్య నెమ్మదిగా అడిగాడు.

“ఎక్కడికెల్తాది. మట్టి తొక్కింది నానే, తిత్తి నొక్కింది నానే. రాగెంత, తుత్తునాగమెంత అని తూసింది నానే. ఆయన సెవి పెట్టి ఇనేవోడు. నాకూ సెవులున్నాయి.”

“పోస్తావా మరి?”

ఆమె లోపలికి వెళ్లి పెన్సిలు తెచ్చింది. అదే కాగితం వెనక్కి తిప్పి ఒళ్లో పెట్టుకుని రాయడం మొదలుపెట్టింది. దాలయ్య ఎక్కాల్సిన బస్సు వచ్చి వెళ్లిపోయింది. ఇంకో బస్సూ వెళ్లిపోయింది. అతను తొందరపెట్టలేదు. రాసింది ఇదే: ‘రింగులు పోస్తాను. గేరు బాక్సులో ఏ నూనె పోస్తారో ముందు మీరు రాసి పంపండి. రాసినది నాలుగు అయితేనే కొలిమి వెలిగిస్తాను. మాటతో చెప్పి పంపొద్దు. చదవడం నాకు వచ్చు.’

“కింద యేలిముద్ర ఎయ్యి వొదినా,” అని దాలయ్య అలవాటు కొద్దీ సీసాలో వేలు ముంచి చూపించాడు. “ఆల దగ్గర అదే సెల్లుతాది.”

ఆమె వేలిముద్ర వెయ్యలేదు. సంతకం చేసింది.

కంచరి తవిటమ్మ, సూరన్న భార్య.
వయసు అరవై ఎనిమిది. ఇప్పుడు ఉండేది ఆమదాలవలసలో, చిన్నమ్మాయి ఇంట్లో. మూస కూడా తెచ్చుకున్నాను. జవాబు ఇంకా రాలేదు.